పసుపు, కుంకుమ, సీసం



సరుకుల చీటీ రాసేటప్పుడు మనలో చాలామందిమి మొట్టమొదట "పసుపు" అని రాసి, ఆ తరువాతే కందిపప్పు, చింతపండు రాస్తాము. శుభమని. పేరంటానికి పిలవాలన్నా పసుపు కుంకుమలే, ఆడపిల్లకు పుట్టింటివారు పెట్టేదీ పసుపు కుంకుమే. ఇంత దగ్గరి వస్తువులు గదా, వీటి చరిత్ర మనకెంత తెలుసు? రాజులు ఏ సంవత్సరంలో ఎవరిమీదికి దండెత్తారో బడిలో బట్టీపట్టాము గాని, మన వంటింటి డబ్బాల చరిత్ర మనకెవరూ చెప్పలేదు. ఆ డబ్బాల్లోకి సీసం అనే లోహం ఏ దారిన, ఎవరి చేతులమీదుగా వచ్చిందో ఈవేళ మీతో చెప్పుకోవాలని ఉంది. రేడియోలో మాట్లాడినప్పుడు పదినిమిషాలే దొరకడంచేత కొన్ని సంగతులు వదిలేయవలసివచ్చింది. అవికూడా ఇక్కడ కలిపాను.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. కుంకుమ, సిందూరం రెండూ ఎర్రగానే ఉంటాయి గనక ఒకటే అనుకుంటాం. కావు. కుంకుమ మొక్కనుంచి వచ్చింది. సిందూరం గనినుంచి వచ్చింది.

కుంకుమ అంటే పసుపే. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. దానికి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. ఈ సంగతి మనకు కాలేజీలో నేర్పనక్కరలేదు. పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టినవాళ్లకూ తెలుసు, దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్లు కలిపినవాళ్లకూ తెలుసు. పసుపు మరక పడ్డ చీరకు సబ్బు రుద్దగానే మరక ఎర్రగా మారి మన గుండె గుభేలుమనడమూ ఇదే. అయితే సున్నంతో వచ్చిన ఎరుపు నిలిచేది కాదు. పారాణి రెండు మూడు రోజులకు వెలిసిపోతుంది చూడండి. అందుకని కుంకుమకు సున్నం కాకుండా వెలిగారం, పటిక, నిమ్మరసం వాడారు మన పెద్దవాళ్లు. వెలిగారమూ, నిమ్మపులుపూ పసుపుతో కలిసినప్పుడు వచ్చే ఎరుపు గట్టిది. ఏ శాస్త్రం చదివి కనిపెట్టారో గాని, ఎన్ని నిమ్మకాయలు ఎన్నిసార్లు పాడుచేసుకుంటే ఈ పాకం కుదిరి ఉంటుందో ఆలోచించండి!

మా అత్తగారు చలి తగ్గి, ఎండలు ఇంకా ముదరకముందే ఈ పని పెట్టుకునేవారు. ఎండిన పసుపు ముక్కలు జాడీలో వేసి, వెలిగారమూ పటికా పొడిచేసి నిమ్మరసంలో కలిపి పోసి, రోజూ చెక్క గరిటెతో కలియబెట్టేవారు. పులుసంతా ముక్కలు పీల్చుకున్నాక నీడను ఆరబెట్టి, రోట్లో దంచి, వస్త్రగాళితం పట్టి, చివర కాస్త నెయ్యి రాసేవారు. వచ్చిన రంగు బజారు కుంకుమలా భగ్గుమనేది కాదు. పండి ఎండిన రేగుపండు రంగు. కొత్తగా వచ్చినవాళ్లు "ఇదేమిటండీ, నల్లగా ఉందీ కుంకుమ" అనేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తరువాత పనికివస్తుంది.

ఇక సిందూరం. సీసాన్ని కరిగించి గాలి తగిలేటట్టు వేయిస్తే మొదట పచ్చని పొడి అవుతుంది. దాన్ని మన వైద్యులు మృద్దారశృంగి అన్నారు. ఆ పొడిని ఇంకా వేయిస్తే నారింజరంగు కలిసిన ఎరుపు వస్తుంది. అదే సిందూరం. అంటే అచ్చంగా సీసమూ, గాలిలోని ప్రాణవాయువూ అన్న మాట. దీనికి తోడు ఇంగిలీకమని మరొకటి ఉంది. అది పాదరసమూ గంధకమూ కలిసింది. ఈ రెండూ మన దేశంలో ఏనాటినుంచో ఉన్నవే. ఆంజనేయస్వామికి నూనెతో కలిపి పూసే సిందూరం పూర్వంనుంచీ ఈ జాతిదే. కళ్లకు పెట్టుకునే సుర్మాలో కొన్ని రకాలు సీసపు రాయిని నూరి చేసినవే. ఈజిప్టు రాణులు మూడువేల యేళ్లకు పూర్వం కళ్లకు దిద్దుకున్న నలుపులోనూ సీసం ఉంది. యూరపులో దొరసానులు శతాబ్దాల తరబడి ముఖానికి పూసుకున్న తెల్ల పౌడరు కూడా సీసమే.

కనక "పూర్వకాలంలో అన్నీ ప్రకృతి సిద్ధమైనవే, విషాలన్నీ ఈ కాలపు కంపెనీలే తెచ్చాయి" అనే మాట నేను ఒప్పుకోను. సీసం కూడా ప్రకృతి సిద్ధమే గదా, భూమిలోంచి తవ్వి తీసిందే! పాతదా కొత్తదా అని కాదు, దేనితో చేశారు అని అడగాలి. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలోనే రోములో విట్రూవియస్ అనే కట్టడాల నిపుణుడు ఈ ప్రశ్న అడిగాడు. సీసం పనిచేసేవాళ్ల మొహాలు పాలిపోయి ఉండటం చూసి, సీసపు గొట్టాల్లో వచ్చే నీళ్లకంటే మట్టి గొట్టాల నీళ్లే మేలని రాశాడు. రాశాడు గాని, రోమువాళ్లు సీసపు గొట్టాలు వేసుకుంటూనే ఉన్నారు.

నేను డాక్టరును కాను, మెట్రిక్యులేషనుతో చదువు ఆపేసిన గృహిణిని. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న నాలుగు మాటలు మీముందు ఉంచాలి. సీసం ఇంతవరకు ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదట. అది లోపలికి పోతే ఎముకల్లో, పళ్లలో చేరి ఏళ్లతరబడి కూచుంటుంది. ఆడది గర్భం ధరించినప్పుడు ఆ ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డకు చేరుతుంది. కడుపులోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అది దెబ్బతీసేది ముఖ్యంగా మెదడును. జ్వరంలా, దద్దురులా పైకి కనిపించేది కాదు. పిల్లవాడు చదువులో వెనకబడతాడు, ఒకచోట కుదురుగా కూచోడు, మనం "మొద్దు" అని మొట్టికాయ వేస్తాం. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి వేసిన లెక్కలో ప్రపంచంలోని పిల్లల్లో ముగ్గురిలో ఒకరి రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. సుమారు 80 కోట్లమంది. అందులో 27 కోట్లమందికి పైగా మన దేశపు పిల్లలే.

ఇందులో కొంత పెట్రోలునుంచి వచ్చింది. మన దేశంలో 2000 సంవత్సరంనుంచి అంతటా సీసం లేని పెట్రోలే వస్తోంది గనక ఆ బాధ తగ్గింది. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు మరొక దారి. అవి మన చేతిలో ఉన్నవి కావు. మన చేతిలో ఉన్న దారి మాట చూద్దాం.

తినే వస్తువులోకి రంగు పేరుతో సీసం ఎలా వస్తుందో చెప్పే కథ ఒకటి ఉంది. ఇంగ్లండులో జరిగింది. మన వస్తువులే అందులోనూ ఉన్నాయి గనక వివరంగా చెబుతాను. 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లండనులో ఆహారపదార్థాల కల్తీల గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన పుట్టుక జర్మనీ. కల్తీ చేసి పట్టుబడిన వ్యాపారుల పేర్లతో సహా వేశాడు, ధైర్యవంతుడు. నెలరోజుల్లో వెయ్యి ప్రతులు చెల్లిపోయాయట. అందులో ఒక పెద్దమనిషి కథ చెప్పాడు. ఆయన పడమటి ఇంగ్లండులో ఒక ఊళ్లో బసలో దిగి, రాత్రి పూట కాల్చిన చీజ్ తిన్నాడు. గ్లోస్టర్ చీజ్ అని అక్కడ పేరుపడ్డది. తిన్న కాసేపటికి పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే దిగి మళ్లీ తిన్నాడు. మళ్లీ అదే నొప్పి. అనుమానం వచ్చి చీజ్‌ను పరీక్ష చేయిస్తే సీసం బయటపడింది.

చీజ్ చేసినవాణ్ణి అడిగారు. "నేను సీసం వెయ్యడమేమిటి బాబూ! రంగుకు జాఫ్రా వేస్తాను, అందరూ వేసేదే" అన్నాడు. జాఫ్రా అంటే మన ఏజెన్సీ ప్రాంతాల్లో పండే జాఫ్రాయే. ఎర్రని గింజలు, విషమేమీ లేని రంగు. జాఫ్రా అమ్మిన వర్తకుణ్ణి అడిగారు. "ఈసారి సరుకు నాసిగా, వెలవెలబోతూ వచ్చింది, అందుకని కాస్త ఇంగిలీకం కలిపాను" అన్నాడు. ఆ ఇంగిలీకం అమ్మిన మందుల షాపువాణ్ణి అడిగారు. "గోడలకు వేసే రంగులో కలుపుతారేమో అనుకుని అందులో సిందూరం కలిపాను, తినే వస్తువులో వేస్తారని కలగన్నానా?" అన్నాడు. చూశారా! ముగ్గురిలో ఒక్కడికీ ఆ పెద్దమనిషిని చంపాలని లేదు. మొదటివాడికి రంగు కావాలి, రెండోవాడికి సరుకు చెల్లాలి, మూడోవాడికి పావలా మిగలాలి. ఆ చీజ్‌కు అసలు ఆ రంగే అక్కరలేదు. ఎర్రగా ఉంటేనే మంచి చీజ్ అని కొనేవాళ్లు అనుకున్నారు, అంతే.

ఇది ఎరుపు కథ. పసుపుపచ్చ కథ ఇంతకంటే కొత్తది. 1797లో వోక్లాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సైబీరియానుంచి వచ్చిన ఒక ఎర్రని ఖనిజంలోంచి క్రోమియం అనే లోహం కనిపెట్టాడు. ఆ క్రోమియమూ సీసమూ కలిస్తే చామంతిపూవు లాంటి పచ్చరంగు వస్తుంది. లెడ్ క్రోమేటు అంటారు, క్రోమ్ ఎల్లో అనీ అంటారు. చిత్రకారులకు అది వరమే అయింది. గుర్రపుబళ్లకు వేశారు, తలుపులకు వేశారు. వేసినవాళ్లు ఊరుకుంటారా? అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో రొట్టెలు, తీపిబన్నులు చేసేవాళ్లు కొందరు పిండిలో ఆ రంగు కలపడం మొదలుపెట్టారు. కోడిగుడ్లు తగ్గించుకుని, పచ్చసొన బాగా వేసినట్టు కనిపించడానికి! తిన్న పిల్లలకూ పెద్దలకూ మూర్ఛలు వచ్చి కొందరు చనిపోయారు. రొట్టెలవాళ్ల ఇళ్లలోనూ పోయారు పాపం, వాళ్లూ అదే రొట్టె తిన్నారు. స్టీవర్ట్ అనే డాక్టరు 1887లో ఈ కేసుల సంగతి రాసిపెట్టాడు.

ఇంకో వంద సంవత్సరాలకు అదే రంగు మన పొరుగున పసుపులోకి వచ్చింది. బంగ్లాదేశ్ మాట. అక్కడ కూరల్లో పసుపు మనకంటే ధారాళంగా వేస్తారు. పల్లెటూళ్లలో గర్భిణీ స్త్రీల రక్తం పరీక్ష చేస్తే సీసం ఎక్కువగా ఉంది. ఆ పల్లెల్లో ఫ్యాక్టరీలు లేవు, కార్ల పొగ లేదు. మరి ఎక్కడిది? పొలాల్లో కొట్టే మందులా, డబ్బాల అతుకులా అని రకరకాలుగా వెతికారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారూ, ఢాకాలోని అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రం వారూ కలిసి చేశారు ఈ పని. సీసానికి కూడా వేలిముద్రలాంటిది ఉంటుందట. ఎక్కడి సీసమో దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. ఆ తల్లుల రక్తంలో ఉన్న సీసపు వేలిముద్ర వాళ్ల వంటింటి పసుపులో ఉన్న సీసంతో సరిపోయింది. 2019లో ఈ సంగతి ప్రకటించారు. పసుపు పండించే తొమ్మిది జిల్లాలు చూస్తే ఏడింటిలో లెడ్ క్రోమేటు జాడలు దొరికాయి.

ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది అని పాతవాళ్లను అడిగారు. 1980లలో పెద్ద వరదలు వచ్చినప్పుడు పసుపు తడిసి, సరిగా ఎండక నల్లబడిందట. మీలో పసుపు పండే ఊళ్లవాళ్లకు తెలుసు. నేలలోంచి తీసిన దుంపను ఉడకబెట్టి, పదిపదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టి, పైపొర పోయేటట్టు డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు. వంద కిలోల పచ్చి దుంపకు ఎండు కొమ్ము ఇరవై కిలోలకు అటూఇటూగా వస్తుంది. అంత శ్రమపడ్డాక రంగు లేదని ధర తెగిపోతే రైతుకు ఎలా ఉంటుంది? పాలిష్ పట్టేచోట ఆ పచ్చపొడి గుప్పెడు వేస్తే నల్ల కొమ్ము కూడా బంగారంలా మెరిసింది. వరద పోయింది, పొడి మాత్రం ఉండిపోయింది. అది ఎంత చెడ్డదో పాలిష్ పట్టే కూలివాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. రోజూ ఆ దుమ్ము పీల్చింది వాళ్లే. వ్యాపారులు ఒక్కటే చెప్పారు: మెరిసే పసుపే కొంటున్నారమ్మా జనం, మేమేం చెయ్యము?

మన అత్తగార్ల కాలంలో కుంకుమ నల్లగా ఉందని మూతి విరిచిన పేరంటాళ్లే నాకు ఇక్కడ గుర్తుకువచ్చారు. కొనేదాని కంటికి ఏది నచ్చుతుందో అమ్మేవాడు దాన్నే తెస్తాడు. కల్తీ చేసినవాడి తప్పు తప్పే, దాన్ని నేను మన నెత్తిన వేసుకోమనడంలేదు. మన కన్ను మట్టుకు వాడి త్రాసులో ఒక రాయి అయిందని అంటున్నాను.

బంగ్లాదేశ్‌లో ఆ తరువాత జరిగింది వింటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. పత్రికలు రాశాయి, ప్రభుత్వం ఊరూరా నోటీసులు అంటించింది, ఢాకా టోకు బజారులో సీసాన్ని పట్టే చేతి యంత్రాలతో దాడిచేసి ఇద్దరు వ్యాపారులకు అక్కడికక్కడే జరిమానా వేశారు. ఆ దృశ్యం టీవీలో దేశమంతా చూసింది. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించేది. 2021లో ఒక్క నమూనాలోనూ కనిపించలేదు! పసుపు మిల్లుల్లో పనిచేసేవాళ్ల రక్తంలో సీసం కూడా దిగింది. ముప్పై ఏళ్లకు పైగా వేళ్లూనిన అలవాటు రెండేళ్లలో పోయింది.

మరి మన సంగతేమిటి అంటారా? మన దేశంలో 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనే పసుపులో లెడ్ క్రోమేటు ఉండరాదని ఉంది. ఇప్పుడు 2006 నాటి ఆహార భద్రతా చట్టం ఉంది. చట్టానికి లోటులేదు. అయినా ఆ పరిశోధకులే భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో 23 నగరాల పసుపు పరీక్షచేసి 2024లో వెల్లడించినదాని ప్రకారం, నూటికి 14 నమూనాల్లో సీసం ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది. మన దేశంలో బీహారులోని పట్నా పసుపులో మరీ విపరీతంగా ఉంది. ఎక్కువ సీసం కనిపించినవి పాలిష్ పట్టిన కొమ్ముల్లోనూ, విడిగా తూచి అమ్మే పొడిలోనూ. దక్షిణాదిన దుగ్గిరాల, నిజామాబాదు, కడప, ఈరోడు మన పసుపుకు పుట్టిళ్లు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే మొదలైంది. రైతులు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నారు. రైతుకు ధరతోపాటు, ఇల్లాలికి శుద్ధమైన పసుపు కూడా ఆ బోర్డు చూసుకుంటే బాగుండును.

పసుపుకోసం మనం పోట్లాడలేదా అంటే పోట్లాడాం. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి, గాయాలు మాన్పడంలో పసుపు వాడకంమీద పేటెంటు ఇచ్చారు. తెగిన వేలికి పసుపు అద్దడం మనకు ఎవరో కొత్తగా కనిపెట్టి ఇవ్వాలా! మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి మషేల్కర్‌గారి ఆధ్వర్యాన సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపించి, 1997లో ఆ పేటెంటు రద్దు చేయించింది. అందులో 1953 నాటి భారతీయ వైద్యుల పత్రికలోని వ్యాసం కూడా ఉంది. మంచి విజయమే. పసుపు మనదని అంత గట్టిగా నిరూపించినవాళ్లం, మన డబ్బాలోది పసుపేనని కూడా అంత గట్టిగా చూసుకోవాలి గదా అని నా బాధ.

కుంకుమ సంగతి ఇంకా అయోమయం. పసుపు తినే వస్తువు గనక అడిగేవాళ్లున్నారు, కుంకుమను అడిగేవాళ్లు లేరు. సౌందర్య సాధనాల్లో రంగుకోసం సీసం కలపకూడదని మన నిబంధనలు ఉన్నా, తిరనాళ్లలో గుట్టలుగా పోసి అమ్మే పొడిని ఎవరు పరీక్ష చేస్తారు? 2017లో అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంవారు 118 సిందూరపు నమూనాలు పరీక్షించారు. కొన్ని మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ దుకాణాల్లో కొన్నవి, కొన్ని ముంబయి, ఢిల్లీల్లో కొన్నవి. మన దేశంలో కొన్నవాటిలో నూటికి 43 అమెరికావారి హద్దు దాటాయి. సీసం లేని చౌక కుంకుమలో ఏముంటుంది? చాలావరకు పిండో, సుద్దో, దానికి పట్టించిన బట్టలరంగు లాంటిదో. నుదుట బొట్టు పెట్టేచోట దురద, తరువాత నల్లమచ్చ అని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేవాళ్లలో ఇదొక రకం.

పిల్లల చేతిలో ఉండే రంగు మాట కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. 1904లో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ డాక్టరు గిబ్సన్, పిల్లలకు సీసం విషం ఎక్కడిదా అని వెతికి వెతికి, వాళ్లు ఆడుకునే వరండాల కటకటాలకు వేసిన రంగు దగ్గర తేల్చాడు. ఎండకు పొడిగా రాలేది, చేతికి అంటేది, చెయ్యి నోట్లోకి పోయేది. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించడానికి 1978 దాకా పట్టింది. మన దేశంలో 2016లో నియమాలు చేసి, 2017 నవంబరునుంచి పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదని అమలుపెట్టారు. అంతకుముందు రంగులు వేసిన తలుపులూ ఉయ్యాలలూ మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. రంగు పెచ్చులు లేస్తుంటే పొడిగా గీకించకండి, తడిపి గీకించండి, ఆ వేళకు పిల్లల్ని ఇంట్లో ఉంచకండి.

బొమ్మల విషయంలో మనవాళ్లు చేసిన పని ఒకటి గొప్పగా చెప్పుకోవచ్చు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను యంత్రంమీద గిర్రున తిప్పుతూ రంగు లక్క కణికెను ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా నునుపు. ఆ లక్కలోకి కొంతకాలం రసాయనపు రంగులు చేరాయి. చౌక, కాంతి ఎక్కువ, తయారుచేసే పని లేదు. ఆ ఊరివారే అయిన సి.వి. రాజుగారు చేతిపనివాళ్లతో కలిసి ఏళ్లతరబడి తంటాలుపడి పసుపు, జాఫ్రా, నీలిమందు లాంటి చెట్ల రంగులను మళ్లీ లక్కకు పట్టించారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇంగ్లండు చీజ్‌లో సీసానికి ముసుగైన జాఫ్రాయే ఇక్కడ సీసానికి విరుగుడు అయింది చూడండి! పసివాడు నోట్లో పెట్టుకుని చప్పరించే లక్కపిడత కొనేటప్పుడు, పది రూపాయలు ఎక్కువైనా రంగు ఏమిటని అడిగి కొనండి.

ఇక ఇంట్లో చేసుకోవలసినవి. పసుపు కొమ్ములు కొని ఆడించుకోవడం మంచిదే, కాని మెరిసే కొమ్ము వద్దు. మట్టిరంగుగా, పైపొర గరుకుగా, పాలిష్ లేనిది అడగండి. ఒక కొమ్మును గ్లాసు నీళ్లలో వేసి కదపకుండా చూడండి. వెంటనే నీళ్లు పచ్చబడితే పైరంగు పూశారన్న మాట. పొడి అయితే చెంచాడు నీళ్లలో వేస్తే మంచిది అడుక్కు దిగి, నీళ్లు లేతగా మిగులుతాయి. చిక్కటి పచ్చరంగు తేలితే అనుమానించాలి. సున్నం వేస్తే ఎర్రబడిందిగదా అని సంతోషపడకండి. అందులో పసుపు ఉందని అది చెబుతుంది గాని, సీసం లేదని చెప్పదు. ఆ పరీక్ష ప్రయోగశాలలో చేయించవలసిందే. పొడి కొంటే విడిగా తూచేది కాక, లైసెన్సు నంబరూ ఆగ్‌మార్కూ ఉన్న పేకెట్టు తీసుకోవడం నయం.

ఇంట్లో పాత సిందూరం భరిణ ఉంటే పూజ గూట్లో పిల్లలకు అందనిచోట ఉంచండి. ముట్టుకున్న చెయ్యి సబ్బుతో కడుక్కోకుండా ప్రసాదం పెట్టకండి. పసివాళ్లకు కాటుక కళ్లలో పెట్టొద్దని డాక్టర్లు అంటారు. ఇంట్లో ఆముదపు దీపంమీద పట్టినదైనా సరే. మనసొప్పకపోతే అరికాలికి చుక్క పెట్టండి, దిష్టికి అదే చాలు. హోలీకి తెలంగాణ పల్లెల్లో పూర్వం మోదుగపూలు ఉడికించి రంగునీళ్లు చేసేవారు. పట్నంలో మోదుగ దొరకదంటారా, పసుపూ సెనగపిండీ కలిపితే పొడిరంగు సిద్ధం.

కుంకుమ చేసుకోవాలనుకునేవారు మొదటిసారి పావుకిలో పసుపుతోనే చేసి చూడండి. వెలిగారం, పటిక, నిమ్మకాయల పాళ్లు ఇంటింటికీ మారతాయి గనక చేసిన పెద్దవాళ్లెవరైనా ఉంటే పక్కన కూచోబెట్టుకోండి. వెలిగారం తినే వస్తువు కాదు. జాడీ వంటింట్లో ఉంచకండి, నానబెట్టిన గిన్నె మళ్లీ వంటకు వాడకండి. అల్యూమినియం గిన్నె పనికిరాదు, జాడీయో గాజుదో కావాలి. ముక్కలు ఎండలో పెడితే పసుపు రంగు వెలిసిపోతుంది, అందుకని నీడనే ఆరనివ్వాలి. వారం పట్టినా తొందరపడకండి, తడి ఉండగా దంచితే ఉండకడుతుంది. దంచి, గుడ్డలో జల్లించాక నెయ్యి రెండు చుక్కలు వేసి అరచేతుల మధ్య నలపండి. రంగు కాస్త ముదురుగానే వస్తుంది.